ఖాళీ అని రాయనివ్వని అక్క

మా శిక్షణ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అక్షరాలు కనపడటమే అరుదు. అందులో వినిపించేది ఒకే గొంతు. "జర వినుండ్రి పిల్లలూ, మొయినాబాద్ రోడ్డుల మందుల దుకాణంల ఇద్దరు కావాల్నట" అంటూ మొదలయ్యే వాయిస్ మెసేజ్‌లు. ఆటోలో పోతూ మాట్లాడేది కాబట్టి ఆమె మాటల వెనక హారన్లు కూడా వినిపించేవి. పోయిన నెల ఒక ఉదయం ఆ గ్రూపులో మొదటిసారి వేరేవాళ్లు రాశారు. "మన అక్క ఇగ లేదు. పొద్దుగాల గుండెనొప్పి వచ్చిందట." నేను ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గర డ్యూటీలో ఉన్నాను. అద్దానికి అటువైపు ఒక ముసలాయన తన పేరు చెబుతున్నాడు. రెండుసార్లు చెప్పించుకున్నా ఆ పేరు నా చెవికెక్కలేదు.

చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో ఆమెను అందరూ ఫారాలక్క అనేవాళ్లు. చదువుకుని పని దొరకని పిల్లల పేర్లు రాసుకుని, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే శిక్షణకు పంపడం, ఆ తర్వాత ఉద్యోగంలో కుదిరేదాకా వెంట ఉండడం ఆమె పని. తాను చదివింది ఏడో తరగతి. మహిళా సంఘంలో చురుకుగా ఉంటుందని ఆ పని అప్పగించారట. భుజానికి ఒక సంచి, అందులో ఫారాలు, నీళ్ల సీసా. చిల్కూరులో ఆటో ఎక్కితే సాయంత్రానికి ఎన్ని ఊళ్లు తిరిగేదో ఆమెకే తెలియాలి.

మాది సురంగల్. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. చేవెళ్లలో డిగ్రీ చదివాను. ఆ తర్వాత రెండేళ్లు ఉద్యోగం రాలేదు. పోటీ పరీక్షలు రాస్తూ, మధ్యలో క్యారెట్ కడిగే కూలికి పోయేదాన్ని. "డిగ్రీ చదివిన చేతులు గద, క్యారెట్ గడ్డలు మస్తు మెరుస్తున్నయ్" అని తోటి ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నవ్వు రాని మాట ఇంట్లో విన్నాను. చెల్లె అప్పుడు పదో తరగతి. దాన్ని ఇంటర్‌లో చేర్పించే మాట వచ్చినప్పుడు మా బాపు తల వంచుకుని, "పెద్దది చదివి ఖాళీగ కూసున్నది. చిన్నదాన్ని చదివిచ్చి ఏం జేస్తం?" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. నా చదువును చూపించి చెల్లె చదువు ఆపబోతున్నారని మాత్రం అర్థమైంది.

ఆ వారంలోనే అక్క మా వాకిట్లోకి వచ్చింది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. లేవబోతే వద్దని, ఎదురుగా నేల మీద కూర్చుని తానూ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. ఫారం ఇచ్చి నింపమంది. "ప్రస్తుతం చేస్తున్న పని" అన్న గడిలో నేను ఆలోచించకుండా "ఖాళీ" అని రాశాను. అందరూ అదే రాస్తారని తర్వాత తెలిసింది. ఆమె ఫారం అందుకుని, ఆ మాటను అడ్డంగా కొట్టేసింది.

"ఖాళీ అంటె కిరాయికిచ్చే ఇల్లు బిడ్డా. మనిషి ఎట్ల ఖాళీ అయితడు?"

నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం చేశావో చెప్పమంది. క్యారెట్ సంగతి చెప్పాను, వంట సంగతి చెప్పాను. పక్కింటి అవ్వను కంటి చూపు కోసం దవాఖానకు తీసుకుపోయిన సంగతి మాటవరసకు అన్నాను. ఆమె చెయ్యి ఆగింది. చీటీ ఎవరు రాయించారు, ఏ గదికి పోవాలో ఎట్లా తెలిసింది, డాక్టరు చెప్పింది ఆ అవ్వకు ఎవరు విడమరిచి చెప్పారు, ఇంకా ఎవరెవర్ని తీసుకుపోయావు అని ఒక్కొక్కటే అడుగుతూ ఫారం వెనక పేజీ నిండా రాసుకుంది. తర్వాత నాకే చదివి వినిపించింది. వింటుంటే నాకు తెలియని గట్టి మనిషి ఎవరి గురించో చదువుతున్నట్టు అనిపించింది.

"గీ పనికే ఆసుపత్రులల్ల జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటరు. మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకో, సాలు."

లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా అమ్మ వింటోంది.

ఆ వెనక పేజీ నా ఒక్కదానికే దక్కిన భాగ్యం అనుకున్నాను. శిక్షణలో చేరాక చూస్తే ప్రతి ఒక్కరికీ ఒకటి ఉంది. కనకమామిడి నుంచి వచ్చిన ఒక అన్న తన కథ చెప్పి నవ్వించేవాడు. వాళ్ల నాన్న అక్కతో, మావాడు దేనికీ పనికిరాడు, బండేసుకుని ఊళ్లు తిరుగుతాడు అన్నాడట. "తిరిగెటోనికి తొవ్వలన్నీ ఎరికనే గద బాపూ. నాక్కావాల్సింది గసొంటోడే" అందట అక్క. ఆ అన్న ఇప్పుడు అంబులెన్సు నడుపుతున్నాడు. అందరూ నిలదొక్కుకున్నారని కాదు. వారానికే తిరిగొచ్చిన వాళ్లూ ఉన్నారు. అక్క వాళ్ల ఇళ్లకు మళ్లీ పోయేది, మళ్లీ కొత్త ఫారం తీసేది. ఎందుకు వచ్చేశావని నిలదీయగా నేను ఎప్పుడూ వినలేదు. నీకు సరిపడని పని ఏదో తెలిసింది కదా, అది వెనక రాద్దాం అనేది. మరి మీ ఫారం ఎవరు రాస్తారక్కా అని ఒకసారి అడిగితే, "నాదానికి వెనకపేజీ సాలదు" అని పకపకా నవ్వింది.

నా ఇంటర్వ్యూ రోజు ఆసుపత్రి గేటు దాకా వచ్చింది. చెల్లె కాలేజీ చేరికలకు ఇంక ఎన్నో రోజులు లేవు. ఈ ఉద్యోగం రాకపోతే బాపు మాటే ఖాయమవుతుందని అక్కకు తెలుసు. తోటివాళ్లు నాకు ఒక సలహా ఇచ్చారు. రెండేళ్ల గ్యాప్ గురించి అడిగితే పట్నంలో ఏదో కంపెనీలో చేశానని చెప్పమన్నారు. ఆ మాట అక్కతో అంటే, చేసిన పని అంత ఉండగా చేయని పని ఎందుకు చెప్పాలంది. లోపలికి రమ్మని బతిమాలాను.

"నేనొస్తె నన్ను జూస్తరు. నిన్ను జూడాలె" అని ఎదురుగా ఉన్న టీ బండి దగ్గరికి నడిచింది.

లోపల ముగ్గురు కూర్చున్నారు. అనుకున్నదే అడిగారు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఉన్నారా అన్నారు. "ఖాళీగా లేను మేడం" అన్నాను. మా వాడలోని ముసలివాళ్లను దవాఖానకు ఎట్లా తీసుకుపోయానో, బీపీ చీటీలు పారేసుకునే తాత కోసం ఒక సంచి కుట్టి అన్నీ అందులో ఎట్లా ఉంచానో చెప్పాను. వాళ్లలో ఒకరు పెన్ను కింద పెట్టి విన్నారు. నాలుగు రోజులకు పనిలో చేరమని ఫోను వచ్చింది. తెల్లారి బాపు చెప్పులు వేసుకుంటూ, "చెల్లె కాలేజీ ఫారం ఎన్నడు తెస్తవ్?" అని అడిగాడు.

అక్క ఎంతమందిని ఇట్లా గుర్తుపెట్టుకుందో తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. చాలా రోజుల తర్వాత బస్టాండులో కనపడి, నా ఉద్యోగం సంగతి కంటే ముందు ఆ పక్కింటి అవ్వకు చూపు ఎట్లా ఉందని అడిగింది. తాను ఎప్పుడూ చూడని అవ్వ ఆమె.

మొయినాబాద్ శివారు సమాధుల తోటకు నేను డ్యూటీలో గంట పర్మిషన్ తీసుకుని పోయాను. చెల్లె కాలేజీ నుంచి నేరుగా వచ్చింది. అందరూ నాలాగే వచ్చారు. నర్సులు, మందుల దుకాణం పిల్లలు, సెక్యూరిటీ గార్డులు, అంబులెన్సు అన్న. బట్టలు మార్చుకునే వ్యవధి ఎవరికీ లేదు. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక వరుసగా ఒక్కొక్కరం పిడికెడు మట్టి వేశాం. వంగిన ప్రతిసారీ మెడలోని ఐడీ కార్డు ముందుకు వేలాడుతోంది. ఎవరూ చెప్పకుండానే అందరూ ఎడమ చేత్తో కార్డును గుండెకు అదిమి పట్టుకుని, కుడి చేత్తో మట్టి వేస్తున్నారు. నా వెనక చెల్లె వంతు వచ్చింది. అదీ తన కాలేజీ కార్డును అట్లాగే పట్టుకుని వంగింది.