ముందే కట్టిన కోడె

"పిండం మంచిగనే ఉంది అవ్వా," అంది కరీంనగర్ డాక్టరమ్మ. "గర్భసంచి లోపలి పొరల, కణాల నడుమ ప్రోటీన్ల వల లెక్క ఉంటది. పిండం దాన్ని పట్టుకొనే లోపలికి దిగుతది. మీ మనవరాలికి ఆ వల టైముకు తయారైతలేదని మా అనుమానం."

నేను రెండో తరగతితో బడి మానిన మనిషిని. నాకు తెలిసినదానితోనే అడిగాను.

"అంటే, గోడకు పిడక కొట్టినట్టా? ఎండిన గోడకు అంటదు, నీళ్లు కారే గోడకు జారుతది."

"దాదాపు గంతే."

"నన్ను పిడకల గోడను చేసినవు గదనే అమ్మమ్మా!" అని మనవరాలు నవ్వింది. అంతకుముందు పెట్టిన పిండాలేవీ నిలవలేదు. దాచినవాటిలో ఇదే ఆఖరిది. మళ్లీ కొత్త పిండాల కోసం ఆ సూదులు పొడిపించుకునే ఓపిక ఆమె ఒంట్లో లేదు.

పిండాన్ని లోపల పెట్టించుకుని తిరిగొస్తుంటే, కారును వేములవాడకు తిప్పమన్నాను. అక్కడి రాజన్న గుడిలో కోడెను కట్టే మొక్కు మా ఇంట్లో ఎప్పుడైనా కోరిక తీరాకే చెల్లిస్తాం. చేతికి రానిదానికి ముందే చెల్లించడం అంతవరకు నా వల్ల కాలేదు, దేవుడికైనా సరే.

"పిల్లలైనంక గద అమ్మమ్మా కట్టేది?" అన్నాడు మనవరాలి మొగుడు.

"ఈసారి ముందుగాలనే కడత. తీస్కున్నంక ఇయ్యకుంట ఎట్లుంటడో చూస్త."

మొగుడూ పెళ్లాలు కలిసి కోడెను గుడి చుట్టూ తిప్పాలి. నేను మనవరాలిని గట్టు మీద కూర్చోబెట్టాను.

"నడువొచ్చని డాక్టరమ్మ చెప్పింది గదనే అమ్మమ్మా."

"నడువొచ్చన్నది. కోడె గుంజితే ఏమైతదో చెప్పిందా?"

పలుపు నేనే పట్టుకున్నాను. గుడి వెనక కోడె ఆగిపోయింది. ఎంత అదిలించినా కదల్లేదు. దాని మెడ మీద తల ఆనించి, "నడువు తండ్రీ, నీ కాళ్లు మొక్కుత, నడువు," అని ఏడ్చాను. జనం చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. చివరికి ఎలాగో నడిచింది. కట్టేశాం.

కడుపు నిలిచిందో లేదో తేల్చే రక్తపరీక్షకు ఇంకా రెండు రోజులుందనగా, ఒక పొద్దున మనవరాలు స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఎంతకీ రాలేదు.

"ఏమైందే?"

"నెత్తురు అయితుంది."

తలుపు తట్టాను. తీయలేదు. లోపల నీళ్ల చప్పుడు కూడా లేదు. అక్కడే గడప పక్కన చతికిలబడ్డాను.

లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది. "అమ్మమ్మా, గా పిండం కండ్లకు కనవడుతదా? నేను చూస్తున్న. ఏది అదో తెలుస్తలేదు."

"కనవడదు బిడ్డా. ఎతుకకు. తలుపు తియ్యి."