రైటర్ బాబాయి రాయని గుర్తులు

మొన్న మంగళవారం పొద్దున్న మా రైటర్ బాబాయి పోయారు. ఆయన కోడలు ఫోన్ చేసేసరికి నేను జాకెట్టుకి కాజాలు కుడుతున్నాను. "అక్కా, మావయ్య లెగట్లేదు, ఒక్కసారి రా" అంది. నాలుగిళ్ళ దూరం. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. అప్పటికే ఒళ్ళు చల్లబడిపోయింది. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ముందురోజు సాయంత్రం నా మిషన్ పక్కన కూర్చుని, టీలో పంచదార తక్కువైందని సతాయించిన మనిషి, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోవడమేమిటి?

ఆయన నాకు చుట్టం కాదు. విజయనగరంలో ఒకే వీధివాళ్ళం. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. స్టేషన్‌లో ఫిర్యాదులూ రికార్డులూ రాసే పని కాబట్టి అందరూ రైటర్ అనేవారు, నేను బాబాయి చేర్చాను. ఆ పనితనం గురించి గొప్పలు బాగానే చెప్పుకునేవారు. "గుర్తు తెలీని శవం కేసైతే మూడు నిముషాలమ్మా. సూడకుండా రాసీవోడిని" అనేవారు. వీధిలో ఎవరి బండి పోయినా, ఎవరి మీద ఎవరు చెయ్యి చేసుకున్నా, స్టేషన్‌కి తోడు వచ్చేవారు. "ఎఫ్‌ఐఆర్ కాపీ అడగడానికి ఆ బతిమాలుడేటి? ఫిర్యాదు ఇచ్చినోళ్ళకి ఊరికే ఇవ్వాల. అది నీ కాగితం, నిలబడి అడుగు" అని మాకు నేర్పింది ఆయనే. మేం అక్కడ నోరు పెగలక నిలబడితే, బయటికొచ్చాక తిట్లే తిట్లు.

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసిన మనిషి. ఎడమచేతి వేళ్ళు రెండు అక్కడే మిషన్‌లో పడి సగానికి తెగిపోయాయి. మతిమరుపు మొదలయ్యాక ఒకరోజు, శ్రీముఖలింగం వెళ్ళొస్తానని బస్సెక్కి, మళ్ళీ రాలేదు. మిస్సింగ్ కేసు పెట్టాం. బాబాయి అప్పుడు కంటి ఆపరేషన్ చేయించుకుని వేరే ఊళ్ళో పెద్దకొడుకు దగ్గర ఉన్నారు. దారిలో ఉన్న స్టేషన్లన్నీ నేనూ మా ఆయనా తిరిగాం. నరసన్నపేట దాటాక హైవే పక్కన ఒక స్టేషన్‌లో రికార్డు చదివి వినిపించారు. "సుమారు అరవై ఏళ్ళ మగమనిషి, చామనచాయ, సన్నని శరీరం, తెల్ల చొక్కా, నీలం లుంగీ. గుర్తు తెలియని వాహనం ఢీకొని మృతి." అలాంటి బట్టలు ఎవరికైనా ఉంటాయి, నాన్నకేమో డెబ్బై దాటాయి. వేళ్ళ మాట అందులో ఎక్కడా లేదు. మొహం బాగా దెబ్బతింది, ఫోటో చూడలేరన్నారు. నేనూ అడగలేదు. "మా నాన్న కాదండీ" అని దణ్ణం పెట్టి బయటపడ్డాను. ఆ రోజు హోటల్లో కూర్చుని ఎంత సంతోషంగా అన్నం తిన్నానో! ఆ అన్నం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడు వారాల తర్వాత బాబాయి తిరిగొచ్చి, విన్నదంతా విని, "బట్టలు సూసేవా?" అని ఒక్కటే అడిగారు. చూడలేదన్నాను. "రేపు పొద్దున్నే బయల్దేరు" అన్నారు.

స్టేషన్‌లో మూట విప్పారు. చొక్కాకి లోపల జేబు ఉంది. మందుల చీటీ పడిపోకుండా నేను కుట్టిన జేబు. నా కుట్టు నాకు తెలియదా! ఆ చొక్కా ఒళ్ళోకి తీసుకున్నాను. శవం ఫోటోని బాబాయి నాకు కనపడకుండా తిప్పి పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత అక్కడి రైటర్‌ని, "ఎడంసేతికి రెండు వేళ్ళు సగమే ఉన్నాయి కదా బాబూ, అదేటి రాయలేదు?" అని అడిగారు. ఆ కుర్రాడు భయపడుతూ, "అందరికీ ఇలాగే రాస్తాం సార్. పాత రికార్డులు చూసి నేర్చుకున్నాను" అన్నాడు. నాన్నని అప్పటికే పూడ్చిపెట్టేశారు. రికార్డులో నాన్న పేరు ఎక్కేదాకా బాబాయి అక్కడినుంచి కదల్లేదు.

తిరుగు బస్సు శ్రీకాకుళం దాటింది. అప్పుడు బాబాయి అన్నారు, "ఆ కుర్రోడిది కాదమ్మా, అది నా రాతే. సుమారు అరవై, చామనచాయ, సన్నని శరీరం. సర్వీసంతా అదే రాసేను. మడిసిని సూడకుండా రాసేను. ఎంతమందికి ఆళ్ళోళ్ళు దొరక్కుండా సేసేనో."

నేను ఓదార్చలేదు. "అవును బాబాయ్, చేశారు" అన్నాను. ఆయన తలూపారు. అంత కఠినంగా అనకుండా ఉండాల్సిందని ఇవాళ బాధగా ఉంది. కానీ ఆ పూట అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ తర్వాత మూడు నిముషాల గొప్ప మళ్ళీ ఆయన నోట వినలేదు. సాయంత్రాలు నా కొట్టుకి వచ్చి నేను రాసుకున్న ఆర్డర్ చీటీలు తిరగేసేవారు. "పచ్చ జాకెట్టు అని రాసేవు. ఏ పచ్చే? సిలకపచ్చా, ఆకుపచ్చా? సూసి రాయాలమ్మా" అని ప్రాణం తీసేవారు. బట్టలిచ్చేవాళ్ళు నవ్వేవారు. నేను మాత్రం గబగబా దిద్దుకునేదాన్ని.

నిన్న చిన్నదినం. భోజనాలయ్యాక కోడలు ఒక పొడుగు నోటుపుస్తకం తెచ్చి, "తన తర్వాత నీకిమ్మన్నారక్కా" అని చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి విప్పాను. పేర్లు లేవు. స్టేషన్, సంవత్సరం, వాటి కింద ఆయన అప్పట్లో చూసి కూడా రాయని గుర్తులు. రికార్డు భాష కాదు, మాట్లాడినట్టే రాసుకున్నారు. "పట్టాల పక్కన ముసలాయన. కుడిచెవి తమ్మె తెగి ఉన్నాది." "కాలవలో కుర్రోడు. సొక్కాకి ఒక గుండీ వేరే రంగు, ఎవరో ఎర్రదారంతో కుట్టేరు." అలా నలభై పేజీలు. ఇన్నేళ్ళూ వీళ్ళందరినీ లోపల ఎక్కడ పెట్టుకున్నారో! రేపట్నుంచి ఈ పుస్తకం పట్టుకుని ఒక్కో స్టేషన్‌కీ వెళ్తాను. పాత మిస్సింగ్ కేసులతో పోల్చి చూడమని అడుగుతాను. ఒక్కరైనా వాళ్ళవాళ్ళకి దొరక్కపోతారా అని ఆశ.

చివరి పేజీకి వచ్చాను. అక్కడ ఇంతే ఉంది:

"బస్టాండు ఎనకాల ఆడపిల్ల. ఇరవై కూడా ఉండవు. సామనసాయ కాదు, తెల్లగా ఉన్నాది. రెండు సేతులకీ గోరింటాకు ఇంకా ఎర్రగా ఉన్నాది. నేను రాయలేదు."