దావీదు దరువు కిరాయి

పెగడపల్లి దావీదుకు ఊళ్లో పేరు లేదు. అంటే, తండ్రి యోహాను పెట్టింది ఒకటి ఉంది. ఆదివారం ప్రార్థనలో పాస్టరు గారు ఆ పేరుతో పిలుస్తారు కూడా. మిగతా వారమంతా ఆయన డప్పోడే. పెళ్లికి పిలిచినా డప్పోడే, చావుకు పిలిచినా డప్పోడే.

చిత్రమేమిటంటే ఊరందరి పేర్లనూ గొంతెత్తి చెప్పేది ఆయనే. డప్పు మెచ్చి ఎవరైనా చదివింపు ఇస్తే వాయించేవాడు చెయ్యి ఆపాలి. ఇచ్చినాయన పేరు, ఊరు, ఇచ్చిన సొమ్ము నలుగురికీ వినపడేలా చెప్పాలి. ఇల్లు చల్లగా ఉండాలని దీవించి మూడు దెబ్బలు కొట్టాలి. పది రూపాయలిచ్చినా ఇది తప్పదు, చెప్పకపోతే తిన్నది అరగదని యోహాను నేర్పాడు. దావీదు తండ్రి మాట ఏనాడూ జవదాటలేదు.

గుంట భూమి లేని ఆ మనిషికి ఉన్న ఆస్తి ఒక దరువు. వడివడిగా నడిచి, ఉన్నట్టుండి ఆగి, జనం ఊపిరి బిగబట్టాక మళ్లీ దూకుతుంది. ఎవరూ నేర్పింది కాదు, ఆయన చేతిలోనే పుట్టింది. ఉద్యమం ఊపందుకున్నాక, ఆ ఆగే చోట జనం 'జై తెలంగాణ' అనడం మొదలుపెట్టారు. అనడానికి సరిపడా జాగా అందులో ఉంది మరి.

కోరుట్లలో పాటల సీడీలు చేసే బాలకిషన్ ఒక ర్యాలీలో ఈ దరువు విన్నాడు. దావీదును దుకాణానికి పిలిపించి, వాయింపించి, రికార్డు చేసి, ఆ తర్వాత స్టాంపు కాగితం ముందు పెట్టాడు.

"దరువు అమ్మమంటలేను దావీదూ, కిరాయికియ్యమంటున్న. ఇల్లు కిరాయికిస్తరు సూడు, గట్ల. ఇల్లు నీదే, ఉండేది నేను. అమ్ముడువోయిన సీడీకి అర్ధ రూపాయి లెక్కన నీకు రాయల్టీ ముడుతది."

ఇల్లు కిరాయికిచ్చిన అనుభవం దావీదుకు లేదు. ఉన్న ఒక్క గదిలో తానూ, భార్య దుర్గవ్వా, పిల్లలూ పట్టడమే గొప్ప. అయినా ఆలోచించి ఒక ప్రశ్న అడిగాడు.

"ఇంటి మీద పేరు ఎవరిదుంటది సారు?"

"ఇంటాయనదే ఉంటది."

"గట్లయితే సీడీ అట్ట మీద నా పేరు ఎయ్యుండ్రి. పైసలు మీ ఇష్టం."

"ఎందుకెయ్యను? ఏస్త," అన్నాడు బాలకిషన్. దావీదు సంతకం పెట్టాడు.

సకల జనుల సమ్మె నాటికి సిరిసిల్లలో ఏ ఆటో చూసినా ఆ సీడీయే. గంభీరావుపేటలో మరదలి ఇంటికి పోతూ దావీదు సిరిసిల్లలో చాయ్ తాగుతుంటే హోటల్లో తన దరువు మోగింది.

"గీ దరువు నాదే," అన్నాడు చాయ్ పోసే అతనితో.

"మంచిదన్నా. శక్కర సరిపోయిందా?" అన్నాడతను.

దావీదు సీడీ అట్ట అడిగి తీసుకున్నాడు. మీద బాలకిషన్ పిడికిలి బిగించి నిలబడ్డాడు. సంగీతం బాలకిషన్. సమర్పణ బాలకిషన్. వెనక్కి తిప్పితే అట్ట అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా ఉంది. దావీదు పేరు మాత్రం లేదు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. మిగిలిన చాయ్ అలాగే వదిలేసి బయటికొచ్చాడు.

"పోయి అడుగు," అంది దుర్గవ్వ.

"ఎట్ల అడుగుడే? పెద్దమనిషాయె."

కొన్నాళ్లకు బాలకిషన్ మనిషి ఒక కవరు తెచ్చిచ్చాడు. రాయల్టీ అట. విప్పితే వంద నోటు, పది నోటు, చిల్లర. నూట పదహార్లు.

ఇక్కడొక సంగతి. నూట పదిహేడు ఇచ్చి ఉంటే అది కిరాయి అయ్యేది, లెక్క కట్టినట్టు ఉండేది. నూట పదహార్లు పెళ్లిలో చదివించేది. బాలకిషన్ అమ్మిన సీడీలు లెక్కపెట్టనే లేదు, శుభమా అని ఒక అంకె వేసి పంపాడు. దావీదుకు ఆ మోసం తట్టలేదు. ఇది చదివింపు కాబట్టి నలుగురిలో చెప్పాలి, అదీ ఇచ్చినాయన ఉన్నచోటే చెప్పాలి అన్నదొక్కటే తట్టింది. బాలకిషన్ జగిత్యాలలో తెలంగాణ దీక్షలో కూచున్నాడని తెలుసుకుని డప్పు చంకనేసుకుని బయల్దేరాడు.

తహసీల్ చౌరస్తా దగ్గర టెంటులో బాలకిషన్ మెడలో దండతో, చేతిలో మైకుతో ఉన్నాడు. "మన సీడీ మోగని ఇల్లు తెలంగాణల లేదు" అని ఆయన చెబుతుండగా టెంటు ముందు దరువు లేచింది. ఆగే చోట జనం అలవాటుగా జై తెలంగాణ అన్నారు. తర్వాతే వెనక్కి తిరిగి చూశారు. దావీదు చెయ్యి ఆపాడు.

"కోరుట్ల బాలకిషన్ సారు మా దరువు మెచ్చి, రాయల్టీ కింద, సీడీకి అర్ధ రూపాయి లెక్కన, ఇప్పటిదాక అమ్మినయన్నిటికి గలిపి, నూట పదహార్లు ఇచ్చిండ్రు! సారు ఇల్లు సల్లగుండాలె!"

మూడు దెబ్బలు.

ముందు వరుసలో బీడీలు చుట్టే సత్యవ్వ తలెత్తింది. "రెండు నూర్ల ముప్పై రెండు సీడీలు. తెలంగాణల ఇండ్లు గన్నేనా?" అంది.

టెంటంతా గొల్లుమంది. బాలకిషన్ గబగబా దిగివచ్చి, నోరు మూస్తాడనుకుని ఐదు వందల నోటు దావీదు జేబులో కుక్కాడు.

"బాలకిషన్ సారు మల్ల ఇంకో ఐదు నూర్లు ఇచ్చిండ్రు! సారు పిల్లలు సల్లగుండాలె!"

మూడు దెబ్బలు. బాలకిషన్ కంగారుపడి వెయ్యి తీశాడు. అదీ జనానికి తెలిసింది. ఈసారి దీవెన ఆయన అత్తగారింటి దాకా పోయింది.

"ఏం గావాలె నీకు? నలుగుట్ల పరువు తీస్తున్నవు," అన్నాడు బాలకిషన్ పళ్ల బిగువున.

దావీదు నిజంగానే తెల్లబోయాడు. "పరువు దీసుడేంది సారు? ఇచ్చినాయన పేరు చెప్పుతున్న. మా నాయిన గట్లనే నేర్పిండు." కాస్త తటపటాయించి అన్నాడు, "అట్ట మీద నా పేరు ఏస్తనంటిరి. మర్సిపోయినట్టున్నరు. కొట్టినోని పేరు మీరు చెప్పాలె గద సారు."

బాలకిషన్ జనాన్ని చూశాడు. ఇంక ఇవ్వడానికి జేబులో కూడా ఏమీ లేదు. మెల్లగా మైకు దగ్గరికి నడిచాడు.

"సీడీల మీరిన్న దరువు నాది గాదు. పెగడపల్లి దావీదుది." మైకుకు చెయ్యి అడ్డం పెట్టి ఇటు తిరిగాడు. "మీ నాయిన పేరేంది?"

"యోహాను."

"యోహాను కొడుకు దావీదుది!"

చౌరస్తా నాలుగు దిక్కులా కట్టిన మైకుల్లో ఆ పేరు మోగింది. దావీదు దృష్టిలో ఇది కూడా ఇచ్చిందే, చెప్పి తీరాలి. "కోరుట్ల బాలకిషన్ సారు..." అని అందుకున్నాడు. మిగతాది రాలేదు. ఎందరెందరి పేర్లో చెప్పిన మనిషికి తన పేరు చెప్పాల్సి రావడం ఇదే మొదలు. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ పుల్లలున్నాయి.

సత్యవ్వ లేచి నిలబడింది.

"బాలకిషన్ సారు దావీదుకు దావీదు పేరు ఇచ్చిండ్రు!" అని ఆయన తరఫున అరిచింది. "సారు ఇల్లు సల్లగుండాలె!"

దావీదు మూడు దెబ్బలు కొట్టాడు.