గదుముడు

మా కరీంనగర్ వైపు తిట్టుడు వేరు, గదుముడు వేరు. తిట్టడానికి బూతో శాపనార్థమో కావాలి. గదమడానికి అవేవీ అక్కర్లేదు. ఎదుటి మనిషి నోరు మూతపడేలా గొంతు లేపితే చాలు. ఈ తేడా నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. దాని బరువు మాత్రం కండక్టరుగా చేరిన రెండో ఏడు తెలిసింది.

ఎనభైల మొదట్లో, పెళ్లిళ్ల రోజులు. చెన్నూరు బస్సులో కాలు పెట్టే సందు లేదు. ముందు సీట్లో మూటతో కూర్చున్న ఒక ముసలమ్మ, మంచిర్యాల దాటినప్పటినుంచీ ప్రతి ఊళ్లోనూ చెన్నూరు వచ్చిందా అని అడుగుతూనే ఉంది. నాలుగోసారికి నాకు ఒళ్లు మండింది.

"ఎన్నిసార్లు అడుగుతవే ముసల్దానా? నోర్మూసుకొని కూసో."

ఆమె తల వంచుకుంది.

చెన్నూరులో అందరూ దిగుతుంటే చూశాను, వాళ్లలో ఆమె లేదు. వెనక ఊళ్లో పెళ్లివాళ్లతోపాటు దిగిపోయిందని ఎవరో చెప్పారు. తిరుగు ప్రయాణానికి ఇంకా అరగంట ఉంది. చాయ్ తాగబుద్ధి కాలేదు. బస్సు చుట్టూ తిరిగాను, గడియారం చూశాను, మళ్లీ తిరిగాను. పోదాం పట్టమని డ్రైవరన్నను రెండుసార్లు అడిగితే టైం కాలేదన్నాడు.

ఆ ఊరు రాగానే కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. రోడ్డు పక్క కల్వర్టు మీద, ఎండలో, మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. బస్సు ఆపించి దిగాను. ఎందుకు దిగావని అడిగాను.

"గదిమితివి గద కొడుకా. మల్ల అడుగ భయమైంది. అందరు దిగుతున్నరని దిగిన."

బిడ్డ కాన్పుకు చెన్నూరు దవాఖానకు పోతోందట. మా బస్సేమో కరీంనగర్ వైపు. చెన్నూరు పోయే ఇంకో బస్సు ఎదురొచ్చేదాకా కదలనని డ్రైవరన్నకు చెప్పాను. లోపలివాళ్లు గొణిగారు, కొందరు గట్టిగానే అన్నారు. నేను రోడ్డు మీదే నిలబడి అటూ ఇటూ చూస్తూ ఉన్నాను. పావుగంటకు బస్సు వచ్చింది.

చెయ్యి పట్టి ఎక్కిస్తుంటే ఆమె మెల్లగా అంది:

"చెన్నూరు అస్తే చెప్పుమని గా కండక్టరుకు నువ్వే చెప్పు బిడ్డా. నేనడుగ."

చెప్పాను. వారం తర్వాత ఆ కండక్టరు కనిపిస్తే అడిగాను. దవాఖాన ముందే దింపానన్నాడు. కాన్పు ఏమైందో అతనికీ తెలియదు.