కొంగు పట్టిన వాళ్లకు పచ్చజొన్న

మా పెద్దమ్మ పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్‌లో, ఆఫీసు బల్ల ముందు కూర్చుని, ఏదో కంపెనీ తయారుచేసిన సూక్ష్మజీవికి పేటెంట్ అడుగుతూ దరఖాస్తు రాస్తున్నాను. ఎన్నో ఏళ్లుగా నా బతుకుతెరువు అదే. "పొద్దుగాల చాయ్ తాగింది, గోడకు ఒరిగి కూసుంది, గంతే" అన్నాడు అన్న. రాస్తున్న వాక్యం సగంలో వదిలేసి దేవరకొండ బస్సెక్కాను. దారి పొడుగునా పత్తి చేలే. ఒక్క జొన్న కంకైనా కనబడుతుందేమోనని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

పెద్దమ్మకు రెండెకరాల చెల్క ఉండేది. మా వైపు వాళ్లకు చెల్క సంగతి చెప్పనక్కర్లేదు, వాన పడితే పంట, లేకుంటే రాళ్లు. అందులో సగం, ఎవరేమన్నా సరే, పచ్చజొన్నే వేసేది. వాన మొహం చాటేస్తే ఆ జొన్న వాడినట్టే వాడి, రెండు చినుకులకు మళ్లీ లేచేది. కోతకు ముందు చేనంతా తిరిగి మంచి కంకులకు ఎర్ర దారం కట్టేది. అవి విత్తనానికి, ఎవరూ ముట్టరాదు. చిన్నప్పుడు నేనొకటి తెంపి కాల్చుకు తింటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తానే ఒక కంకి కాల్చి తెచ్చిపెట్టింది, దారం లేనిది.

ఆ గింజల్లో బూడిద, వేపాకు కలిపి కుండకెత్తి, మూతి పేడతో అలికేది. విత్తనానికి వచ్చేవాళ్లు సంచి తేకూడదు, కొంగు పట్టాలి. "ఇత్తనం అడిగినోళ్లను ఎందుకని అడగొద్దు, లేదనొద్దు" అనేది. చుట్టుపక్కల అందరూ పత్తికి మళ్లాక ఆ జొన్న రెండిళ్లలోనే మిగిలింది. ఒకటి పెద్దమ్మ ఇల్లు. రెండోది పక్క పల్లెలో గొర్లు కాసుకునే ఇల్లు. ఆ ఇంటావిడను వరస కలిపి చిన్నమ్మ అనేదాన్ని. ఒకరి గింజ పాడైన ఏడు రెండోవారు కొంగులో పోసేవారు.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు నాకో భయం పట్టుకుంది. ఎవరో ఈ జొన్న పట్టుకుపోయి, కాస్త మార్చి, తమదని రాయించుకుంటే? మన దేశంలో విత్తనానికి పేటెంట్ ఇవ్వరు గానీ, రకాన్ని నమోదు చేసుకునే చట్టం ఉంది, అందులో రైతుకూ చోటుంది. కాగితాలు పట్టుకుని ఊరికి వెళ్లాను. రకం పేరేమిటని అడిగితే "జొన్నకు పేరేంది, జొన్ననే" అని పెద్దమ్మ నవ్వింది. ఎవరు తయారుచేశారన్న గడి దగ్గర మాత్రం ఆలోచించి, తన అత్త ఇచ్చిందని, ఆమెకు వాళ్ల అత్త ఇచ్చిందని, అంతకు ముందుది తెలియదని చెప్పింది. చివరికి మా పల్లె పేరే పెట్టాం. నమోదు ఆఫీసుకు పంపాల్సిన నమూనాకు పోగా కుండలో సగం గింజలు మిగిలాయి.

అప్పుడే నేనా మాట అన్నాను. నమోదు అయ్యేదాకా ఎవరికీ గింజ ఇవ్వొద్దని. పేటెంటు పనిలో మేం మొదట నేర్చుకునేది అదే, హక్కు అడగకముందే బయటపెడితే హక్కు పోతుంది. రైతు రకానికి ఆ షరతు లేదని తర్వాత తెలిసింది. చట్టం తిరగేసి చూస్తే పది నిమిషాల పని. నాకన్నీ తెలుసన్న పొగరు.

ఆ తొలకరికి నేను ఊళ్లో ఉండగానే చిన్నమ్మ వచ్చింది. వాళ్ల విత్తనాలకు పురుగు పట్టిందట. అరుగు ముందు నిలబడి కొంగు పట్టింది. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"ఈ యేడు లేవు చెల్లె" అంది పెద్దమ్మ.

చిన్నమ్మ ఖాళీ కొంగు నడుముకు చెక్కుకుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ అన్నం తినలేదు.

కుండలో ఉన్నదంతా పెద్దమ్మ విత్తింది. ఆ ఏడు సరిగ్గా కంకి గట్టిపడే వేళ ముసురు పట్టింది. గింజంతా నల్లబడి బూజుపట్టింది, విత్తితే మొలవలేదు. వెళ్లి కొంగు పట్టడానికి చిన్నమ్మ ఇంట్లోనూ జొన్న లేదు, మేం పోయలేదు కనుక. పెద్దమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ చెల్కలో తొలిసారి పత్తి పెట్టించింది. ఒక్కసారి మాత్రం, "గా దినం నా నోట లేదన్న మాట ఎట్లొచ్చె బిడ్డా" అంది, నన్ను కాదు, తననే అడుక్కున్నట్టు.

కొన్నాళ్లకు నమోదు పత్రం వచ్చింది. తీసుకెళ్లి మొత్తం చదివి వినిపించాను. ఓపిగ్గా విని, "గింజలు గూడ పంపిన్రా?" అని అడిగింది. లేదన్నాను. పత్రాన్ని మడిచి సందుగలో బట్టల కింద పెట్టింది.

దినాలనాడు చిన్నమ్మ వచ్చింది. ఆ రోజు వద్దన్నది నేనేనని ఆమెతో చెప్పాను. "ఎరుకే బిడ్డా, నీ మొకం జూసే అన్నది" అని నా తల నిమిరింది. నాకు ఏడుపు ఆగలేదు.

మేం పంపిన నమూనా ఎక్కడో చల్లటి గదిలో, సీలు వేసిన పొట్లంలో ఉంది. ఒక్క దోసెడు తిరిగివ్వమని ఉత్తరం రాశాను. నింపి పంపమని ఒక ఫారం వచ్చింది. అందులో ఎందుకు కావాలో రాయాలట. మూడు రోజులుగా ఆ గడి దగ్గరే ఆగి ఉన్నాను. ఎదురుగా పెద్దమ్మ కుండ ఉంది. గింజ పోయాక కూడా ఏటా తొలకరికి ముందు దాన్ని కడిగి, ఎండబెట్టి, మూతి తెరిచి ఉంచేదట. ఈ ఏడూ కడిగే పోయింది.