సందు మీద సందు

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే నాయిన నవ్వేవాడు. తలుపులు కూడా బిగించని, సగం కట్టిన ఇళ్ళలో ఏళ్ళ తరబడి పడుకున్న మేస్త్రి ఆయన. "నాకైతే ఒక్కటి గూడ కనవడలే బిడ్డా. అన్నీ మనుషుల పనులే" అనేవాడు. నేనూ ఆయన బిడ్డనే. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఎవరైనా నా ముందు అలాంటి కథ మొదలుపెడితే లేచి వెళ్ళిపోతాను. కాబట్టి ఇది రాయడం నాకే సిగ్గుగా ఉంది.

కానీ రాయాలి. ప్రభాకర్ అన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ వారం నేను ఒక్క పని చెయ్యకుండా ఉంటే ఆయన బతికేవాడేమో. ఆ అనుమానం నన్ను వదలడం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో దూలపల్లిలో ఒక రేకుల షెడ్డులో నాకు ఉద్యోగం దొరికింది. పిల్లల కోసం బొమ్మ ఇటుకలతో చిన్న చిన్న సినిమాలు తీసేవాళ్ళం. ఒకదానిలో ఒకటి టక్కుమని కూర్చునే ప్లాస్టిక్ ఇటుకలు. వాటితో ఇళ్ళు, వీధులు, దుకాణాలు డిజైన్ చేసి కట్టడం నా పని. వాటి మధ్య చిటికెన వేలంత మనుషులను నడిపించడం ప్రభాకర్ అన్న పని. బొమ్మను కొంచెం జరపాలి, చెయ్యి పక్కకు తీయాలి, ఒక ఫోటో తీయాలి. మళ్ళీ కొంచెం జరపాలి. ఆ ఫోటోలన్నీ వరసగా వేస్తే బొమ్మ దానంతట అదే నడిచినట్టుంటుంది. రోజంతా కష్టపడితే కొన్ని క్షణాల సినిమా వచ్చేది.

మా యజమాని ఆర్డర్ల కోసం సిటీలో తిరిగేవాడు. షెడ్డులో ఎప్పుడూ మేమిద్దరమే. ప్రభాకర్ అన్నది శామీర్‌పేట. పెళ్ళయింది, మూడేళ్ళ కూతురు ఉంది. నేను మేస్త్రి బిడ్డనని తెలిసిన రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "మేస్త్రమ్మా" అనేవాడు. నాకు కోపం ఎక్కువ. ఆయనకు నన్ను ఉడికించడం సరదా.

ఆ వానాకాలం ఒప్పుకున్న సినిమా కథంతా ఒక పాత కార్ఖానాలో జరుగుతుంది. నేను ఎక్కడికో వెళ్ళి వెతకలేదు. మా షెడ్డు వెనక గోడనే చూసి దించేశాను. మూలకు తలుపు, నడుమ పైన వెంటిలేటర్, మిగతాదంతా పూత లేని సిమెంటు ఇటుకల గోడ. ఇటుకలు లెక్కపెట్టుకుని, ఫోటో తీసుకుని, అచ్చు అలాగే బొమ్మ గోడ కట్టాను. ఆ తర్వాత బయటి వెలుతురు పడకుండా అసలు గోడకు పైనుంచి కింది దాకా నల్ల బట్ట కట్టేశాం. మళ్ళీ దాని మొహం ఎవరం చూడలేదు.

ఆ గోడలో ఇటుకలు ఒకదాని నెత్తిన ఒకటి, మధ్య సందులన్నీ ఒకే నిలువు గీతలో వచ్చేలా పేర్చి ఉన్నాయి. మేస్త్రి బిడ్డనై ఉండి నేను దాన్ని చూసి ఏమనుకోవాలి? అమ్మయ్య, నాకు పని తేలికైంది అనుకున్నాను. అలా నిలువుగా పేరిస్తే బొమ్మ గోడను పలకలు పలకలుగా ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. ప్రభాకర్ అన్న సెట్టు వెనక, అసలు గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. పలక ఎత్తి, చెయ్యి పెట్టి, బొమ్మను జరిపి, మళ్ళీ పలక పెట్టి, ఫోటోలో పడకుండా తల వంచుకునేవాడు.

ఒకరోజు నాయిన గౌడవెల్లి నుంచి నాకు టిఫిన్ డబ్బా తెచ్చాడు. సెట్టు చూసి మురిసిపోతాడనుకున్నాను. వంగి చూసి మొహం చిట్లించాడు.

"గిదేం గోడ బిడ్డా? సందు మీద సందు వచ్చింది."

"ప్లాస్టిక్‌ది నాయినా, ఏం కాదు."

"ఏదైతేంది? కింది సందు మీద పై ఇటుక నడుమ కూసోవాలె. సందు మీద సందు వస్తే గోడ గోడతోటి కలవది. ఎన్నడో ఒకనాడు కూలుతది."

ప్రభాకర్ అన్న పడీపడీ నవ్వాడు. "జెర గట్టిగ చెప్పు పెద్దనాయినా, మా మేస్త్రమ్మ ఎవరి మాటా ఇనది" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నాయినను బస్సెక్కించి వచ్చాను. అది వెనక గోడకు నకలని, అసలు గోడ బట్ట వెనక ఉందని ఆయనకు చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

వారం తిరగకముందే నాయినకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పడిపోయింది. ఒక్క ముక్క మాత్రం మిగిలింది: "సందు". పొద్దున లేస్తే అదే. ఇంటి ముందు సందులోకి తీసుకెళ్ళమంటున్నాడనుకుని అమ్మ, పక్కింటివాళ్ళు మంచాన్ని సందులోకి మోసేవాళ్ళు. అక్కడ కూడా "సందు, సందు" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. మళ్ళీ లోపలికి మోసేవాళ్ళు. నేను పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చేదాన్ని. ఉద్యోగం పోతే మందులెట్లా అని భయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే సెట్టులో అది మొదలైంది.

మధ్యాహ్నం షెడ్డుకు తాళం వేసి, గేటు దగ్గరి చాయ్ హోటల్లో తిని వచ్చేవాళ్ళం. ఒకరోజు వచ్చేసరికి వెంటిలేటర్ ఎడమ పక్క బొమ్మ గోడ మారిపోయి ఉంది. జానెడు మేర ఇటుకలు ఊడదీసి, సందు మీద సందు రాకుండా మళ్ళీ కట్టి ఉన్నాయి. వరస విడిచి వరసకు మొదట్లో సగం ఇటుక పెట్టాలి కదా, ఆ చిన్న ఇటుకలు కూడా నా డబ్బాలోంచి తీసి పెట్టారు. రెండు పలకలు ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి. ఎత్తబోతే సెట్టంతా కదిలింది. అప్పటిదాకా తీసిన షాటు పాడైంది.

ప్రభాకర్ అన్న ఆటపట్టిస్తున్నాడనుకుని తిట్టాను. "నీతోనే తింటి గదా తల్లీ, ఎప్పుడు జేస్త?" అన్నాడు. నేను మళ్ళీ పాత పద్ధతిలో పేర్చాను. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అంతే. మూడో రోజూ అంతే. ప్రతిసారీ అదే చోటు. ప్రభాకర్ అన్న కుర్చీకి ఎదురుగా.

నాలుగో రోజు ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. కెమెరా నిమిషానికో ఫోటో తీసేటట్టు పెట్టి తాళం వేసుకుని పోయాం. తిరిగి వచ్చి కంప్యూటర్లో చూశాం. మొదటి కొన్ని ఫోటోల్లో ఏమీ లేదు. తర్వాత ఒక ఫోటోలో ఒక ఇటుక లేదు. తర్వాతి దాంట్లో ఇంకొకటి లేదు. ఆ తర్వాత ఒక్కొక్క ఫోటోకు ఒక్కొక్క ఇటుక వచ్చి కూర్చుంది. ఒక్కదాంట్లోనూ చెయ్యి లేదు, నీడ లేదు.

చెయ్యి కనబడకుండా జరపడమే మా వృత్తి. అవి అచ్చం మేము తీసే ఫోటోల్లాగే ఉన్నాయి.

ఇంకొకటి కూడా చూశాను. వరసలు కుడివైపు నుంచి ఎడమకు వచ్చాయి. నాయినది ఎడమచేతి వాటం. గోడ ఎప్పుడూ కుడి నుంచే ఎత్తుకునేవాడు. ఒక్క క్షణం భయమేసింది. ఛీ, ఆయన అక్కడ పక్క మీద పక్క మార్చుకోలేక పడి ఉంటే నాకిదేం పిచ్చి అనుకున్నాను. ఆ భయమంతా కోపంగా మారి ప్రభాకర్ అన్న మీద పడింది. ఇలాంటి ఫోటోలు తీయడం ఆయనకు ఎంతసేపు? పొద్దున నాకంటే ముందు వచ్చి తీసి పెట్టుకున్నాడు, అంతే. నోటికొచ్చినట్టు అన్నాను. మా నాయిన మంచంలో ఉంటే నీకు పరాచికాలా అని కూడా అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. "నా బిడ్డ మీద ఒట్టు మేస్త్రమ్మా, నేను ముట్టలే" అన్నాడు. నేను నమ్మలేదు.

ఆ సాయంత్రం ప్లాస్టిక్ అతికించే గమ్ము తెచ్చి, బొమ్మ గోడనంతా నా పద్ధతిలోనే నిలువుగా పేర్చి, ఇటుక ఇటుకకూ రాసి అతికించేశాను. ఇక ఎవరూ ఒక్కటి కూడా పీకలేరు. ఎండిందో లేదో గోరుతో గీకి మరీ చూసి వెళ్ళాను.

మర్నాడు పొద్దుటి నుంచి ముసురు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అమ్మ ఫోన్ చేసింది.

"జల్దీ రా బిడ్డా. నాయిన మస్తు ఏడుస్తుండు. రోజు గీ యాళ్లకు ఎడమ చెయ్యి ఆడించుకుంట పండుకునేటోడు. ఇయ్యాల చెయ్యి లేస్తలేదు."

"రోజూ ఆడించేదేంది? నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? దుప్పటి మీద సిమెంటు మాలు పరిచినట్టు రాసుడు, ఏందో పెట్టి ఒత్తినట్టు ఒత్తుడు. పానం బాగైతాందనుకున్న."

ప్రభాకర్ అన్నకు చెప్పి బయల్దేరాను. "పో, నేను షాటు పూర్తి చేస్త" అన్నాడు. ముందు రోజు మాటలకు మన్నించమని అడుగుదామనుకున్నాను. గొంతు దాకా వచ్చింది. సాయంత్రం అడగొచ్చులే అనుకున్నాను.

ఇంటికి పోయేసరికి నాయిన ఎడమ అరచెయ్యి దుప్పటికి అతుక్కుపోయినట్టుంది. వేళ్ళు తెల్లబడేలా బలం పెడుతున్నాడు. చెయ్యి లేవడం లేదు. నన్ను చూసి "సందు" అన్నాడు. "సందు... సందు."

"ఇప్పుడే సందులకెళ్ళి లోపటికి దెచ్చినం. అయినా ఊకుంటలేడు" అంది అమ్మ.

అప్పుడు తట్టింది నాకు. ఆయన అడిగే సందు ఇంటి ముందరిది కాదు, ఇటుకల నడుమది.

షెడ్డుకు ఫోన్ చేశాను. ప్రభాకర్ అన్న ఎత్తాడు. "అన్నా, ఆడ కూసోకు. ఆ గోడ కాడ్నుంచి లే" అన్నాను.

ఆయన నవ్వాడు. అంతా మరిచిపోయినట్టే నవ్వాడు. "షాటు నడుమ ఉన్న, కుర్చీ జరిపితే బొమ్మ కదుల్తది. గమ్ము గూడ పెడితివి గదా మేస్త్రమ్మా, ఇగ గోడ యాడికి పోతది?"

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మోగలేదు.

నేను పోయేసరికి వెంటిలేటర్ ఎడమ పక్క గోడంతా లోపలికి పడి ఉంది. ఆయనను అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారిలోనే పోయాడట. మూడో రోజు ఇటుకలు ఎత్తిపోయడానికి వచ్చిన మేస్త్రి ఒకడు, నేనెవరో తెలియకుండానే, కూలివాళ్ళతో అన్నాడు. "ఎవడు కట్టిండో గాని, సందు మీద సందు పెట్టిండు. గోడ గోడతోటి కలవనే లేదు."

నాయిన ఆ తర్వాత రెండు నెలలు బతికాడు. ఆ ఒక్క ముక్క కూడా మళ్ళీ ఆయన నోటి నుంచి రాలేదు.

శిథిలాల్లో దొరికిన బొమ్మ గోడ పలకను ఒకసారి తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. బొటనవేలి గోరును నిలువు సందులో పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా లాగాడు. చాలాసేపు నా వైపు చూశాడు. తర్వాత దాన్ని నా ఒళ్ళో పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

కంప్యూటర్ గోడ కిందే పోయింది. ఆ ఫోటోలు లేవు. ప్రభాకర్ అన్నే తీసి ఉంటాడని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. అలా అయితే అంతా సర్దుకుంటుంది. కానీ ఆయన తన బిడ్డ మీద ఒట్టు పెట్టాడు. మరి నాయిన చెయ్యి సంగతేమిటి? గమ్ము పెట్టిన మర్నాడే ఎందుకు ఆగింది? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

ఆ పలక నా దగ్గరే ఉంది. విడదీసి, సందు మీద సందు రాకుండా మళ్ళీ కడదామని ఎన్నోసార్లు కూర్చున్నాను. వేడినీళ్ళలో వేశాను, కత్తితో ప్రయత్నించాను. ఒక్క ఇటుక కూడా రాలేదు.