నా పేరున పుట్టిన పిల్లలు

అబద్ధమాడేవాళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ పడదు. మా వీధిలో కూరలబండివాడు త్రాసు కాస్త వంచితే చాలు, నలుగురికీ వినిపించేలా కడిగేసేదాన్ని. "నీ నోటికి భయపడి మనింటికెవరూ రారే" అనేది మా అమ్మ. అలాంటి నేను ఒమాన్‌లో దాదాపు రెండేళ్ళపాటు, పొందికైన దస్తూరీతో, ఒక ప్రభుత్వ పుస్తకంలో అబద్ధం రాశాను. రాసేటప్పుడు అది అబద్ధమని ఒక్కసారైనా అనిపించలేదు.

డెబ్బైల మొదట్లో మా కోస్తా జిల్లాల నర్సులం కొందరం అక్కడి ఆసుపత్రుల్లో ఉద్యోగాలకి వెళ్ళాం. ఆ దేశంలో అప్పుడప్పుడే రోడ్లు వేస్తున్నారు, బళ్ళు తెరుస్తున్నారు. రాజధానిలో ఇవాళ ఆఫీసులతో నిండిన ఖురం పేటలో ఆనాడు ఇసుక తప్ప చూడ్డానికేం లేదు. అక్కడ వారం సెలవు శుక్రవారం కాబట్టి మాకు ఆదివారం శుక్రవారం నాడు వచ్చేది. ఆరాధన, తలస్నానం, ఇంటికి ఉత్తరాలు అన్నీ ఆ రోజే. నాకు మత్రా రేవు దగ్గరి ఆసుపత్రిలో కాన్పుల వార్డులో డ్యూటీ. బాపట్ల వైపు పిల్ల ఒకతె నాతో రూమ్‌లో ఉండేది, పిల్లల వార్డులో పనిచేసేది.

నేను చేరిన కొన్ని నెలలకి మా వార్డుకి కొత్త ఆయా వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. పొడుగు మనిషి, నల్లటి ఒళ్ళు, తల మీద పసుపూ ఎరుపూ అచ్చుగుడ్డ. ఆమెది జాంజిబార్. ఆమె తాత ఎప్పుడో ఒమాన్ నుంచి ఓడెక్కి ఆ ఆఫ్రికా దీవికి లవంగాల తోటల పనికి పోయి, అక్కడి పిల్లని చేసుకుని అక్కడే ఉండిపోయాడు. మనవరాలు అక్కడి ఆసుపత్రిలో మిడ్‌వైఫ్ ట్రైనింగై, పదిహేనేళ్ళు కాన్పులు చేసింది. అక్కడి ప్రభుత్వం కూలిన గొడవల్లో ఇద్దరు పిల్లలతో పడవెక్కి ఆఫ్రికా ఒడ్డున మొంబాసా రేవు చేరింది. అక్కడ కొన్నేళ్ళు బట్టలు కుట్టి బతికి, చదువుకున్నవాళ్ళు రావాలని తాత దేశం పిలుస్తోందని విని ఇక్కడికి వచ్చింది. సర్టిఫికెట్టు మాత్రం వదిలేసి వచ్చిన ఇంట్లో ఇనప్పెట్టెలో ఉండిపోయింది. కాగితం లేదు కాబట్టి చేతికి చీపురిచ్చారు.

అందరూ ఆమెని బీబీ అనేవారు. వాళ్ళ స్వాహిలీ భాషలో అది పెద్ద మనిషిని పిలిచే పిలుపు. నేనూ బీబీ అనేదాన్నే గానీ, నా నోట అది ఆయా అన్నట్టే పలికేది. తాతది ఈ దేశమే అయినా, ఆమె తడబడే అరబిక్ విని వార్డులో ఆడవాళ్ళు ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. వాళ్ళతోపాటు నేనూ నవ్వేదాన్ని. నాకొచ్చిన అరబిక్ అంతకన్నా అధ్వాన్నం, అది వేరే సంగతి.

జూన్ నెల మిట్టమధ్యాహ్నం ఒక తల్లికి బిడ్డ తల బయటికొచ్చి భుజాలు ఇరుక్కున్నాయి. డాక్టరుగారు ఇంకో ఆపరేషన్‌లో ఉన్నారు. నాకు నేర్పిన పట్లన్నీ పట్టాను, బిడ్డ కదల్లేదు. బీబీ నేల తుడుస్తోంది. తుడుపుకర్ర గోడకి ఆనించి, మోచేతులదాకా చేతులు కడుక్కుని, "సిస్టర్, కొంచెం జరగండి" అంది ఇంగ్లీషులో. ఆ తల్లిని మంచం మీద మోకాళ్ళూ చేతులూ ఆన్చి పశువు నిలబడ్డట్టు నిలబెట్టింది, వీపు మీద నెమ్మదిగా నిమిరింది. భుజాలు వదులయ్యాయి. నేను చూస్తుండగానే ఆడపిల్ల ఆమె చేతుల్లోకి జారి గట్టిగా ఏడ్చింది.

నేను రిజిస్టర్ తెరిచి, కాన్పు చేసినవారు అన్న గడిలో నా పేరు రాశాను.

ఇండియాలో నేను ట్రైనింగైన మిషన్ ఆసుపత్రిలో నాకు నేర్పిన పద్ధతి అది. చేతులు ఎవరివైనా, గడిలో పేరు ఆ డ్యూటీలో ఇన్‌ఛార్జిగా ఉన్న నర్సుదే. ట్రైనింగులో నేను చేసిన కాన్పులన్నీ మా పెద్ద సిస్టర్ పేరునే పోయాయి, నాకేమీ అనిపించలేదు. పైగా ఇక్కడ ఆయాలు కాన్పు చేయకూడదని రూలుంది, బీబీ పేరు రాస్తే ఇద్దరికీ ముప్పే. అలా మొదలైంది. ఆ తర్వాత కష్టమైన కాన్పు వచ్చినప్పుడల్లా నేనే ఆమె వైపు చూసేదాన్ని. ఆమె తుడుపుకర్ర గోడకి ఆనించేది. ఆమె దగ్గర నేను నేర్చుకున్నంత మా ట్రైనింగులో నేర్చుకోలేదు. రిజిస్టరులో మాత్రం నా పేరు గడి కింద గడి దిగుతూ పోయింది.

"మేట్రనమ్మగారు నీ చెయ్యి మంచిదంటున్నారే" అంది మా రూమ్ పిల్ల ఒక రోజు. "వార్డు సిస్టర్‌గా నిన్నే పెడతారంట."

నేను మురిసిపోయాను. నిజంగానే మురిసిపోయాను. మా మేట్రన్ ఇంగ్లీషావిడ, ఊరికే ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు.

బీబీ వచ్చిన రెండో ఏడు చివర్లో ఒక సర్క్యులర్ వచ్చింది. బయటి దేశాల్లో నర్సులుగా, మిడ్‌వైఫ్‌లుగా పనిచేసి కాగితాలు పోగొట్టుకున్నవాళ్ళకి పరీక్ష పెడతారట. ఆసుపత్రి రిజిస్టరులో ఇరవై కాన్పులు చూపించాలి, కాన్పుల డ్యూటీలో ఇన్‌ఛార్జిగా ఉన్న నర్సు ఉత్తరం ఇవ్వాలి. నెలాఖరు గడువు. మళ్ళీ ఎప్పుడు పెడతారో, అసలు పెడతారో లేదో ఎవరికీ తెలీదు.

ఆ మధ్యాహ్నం దుప్పట్లు మడతపెడుతూ బీబీ అడిగింది. "సిస్టర్, ఆ పుస్తకంలో నావి నావిగా చూపించడానికి దారేమైనా ఉందా?"

"ఎలా బీబీ? ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి" అన్నాను.

ఆ మాటలో నిజం ఉంది. నాకు కావలసిన నిజం అంతవరకే ఉంది కాబట్టి అక్కడే ఆగిపోయాను. రాబోయే వార్డు సిస్టర్ పోస్టు సంగతి నాలోనే ఉంచుకున్నాను.

"అయితే ఉత్తరమైనా ఇవ్వండి" అంది.

రాసిచ్చాను. పనిమంతురాలని, నమ్మకస్తురాలని, కాన్పుల సమయంలో సాయపడుతుందని. ఆమె ఇంగ్లీషు నాకన్నా మెరుగు. నిలబడే చదివింది. "సాయపడుతుంది" అని ఒకసారి పైకి అంది, తప్పులు దిద్దే టీచరు అన్నట్టు. ఆ తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, థాంక్యూ చెప్పి, బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం వాళ్ళింటికి భోజనానికి రమ్మని అంతకుముందే పిలిచి ఉంది. ఆరాధన అయ్యాక వెళ్ళాను. పోకపోతే బాగుండదని కొంత; ఆమె ఒక మాట గట్టిగా అనేస్తే నాకు తేలికైపోతుందని ఎక్కువ. రూవి పేట వెనక సిమెంటు ఇటుకల ఇళ్ళ వరసలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. లోపల చాప మీద పది పన్నెండుమంది ఆడవాళ్ళున్నారు. జాంజిబార్ నుంచి, మొంబాసా నుంచి, బురుండి నుంచి వచ్చినవాళ్ళు. చిన్నవాళ్ళు లోపలికి రాగానే "షికమూ" అని ఆమెకి తల వంచుతున్నారు. మీ పాదాలు పట్టుకుంటున్నాననట దానర్థం. మా వార్డులో బకెట్ మోసే మనిషి పాదాలు.

బీబీ ఒళ్ళో అట్ట పెట్టుకుని వాళ్ళకి ఉద్యోగాల ఉత్తరాలు రాస్తోంది. ఒకరికి టీచరు పని, ఒకరికి టైపు పని, ఒకరికి బ్యాంకులో. నేను వచ్చానని అందరిచేతా ఇంగ్లీషులో మాట్లాడించింది. ఒక్కొక్కరినీ అడగడం నేను విన్నాను.

"ఏం చేశావు? ఎన్నాళ్ళు చేశావు? నువ్వే చేశావా, చేసేవాళ్ళ పక్కన నిలబడ్డావా?"

ఒకమ్మాయి కాస్త గొంతు తగ్గించి, పక్కన నిలబడ్డానంది. "అయితే అదే రాస్తాను. నేర్చుకోగలదని కూడా రాస్తాను. అది నాకు తెలుసు కదా" అంది బీబీ. ఆ పిల్ల మొహం వెలిగింది.

పక్కన కూర్చున్న టైపు పిల్ల నా వైపు తిరిగింది. "ఇండియన్ సిస్టర్ మీరే కదా? మా అందరికీ బీబీ రాస్తుంది. బీబీకి మీరు రాశారట?"

బీబీయే చెప్పింది. "రాసింది. మంచి ఉత్తరం." అంటూ కొబ్బరిపాలు పోసి వండిన చిక్కుడు గింజలు నా పళ్ళెంలో ఇంకో గరిటె వేసింది.

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, నాకది వచ్చు. ఆమె నా పరువు కాపాడింది, తన వాళ్ళ ముందు, నా ముందు. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందెప్పుడూ వేయలేదు.

రూమ్‌కి వచ్చి, మేట్రన్‌కి ఉన్నదున్నట్టు చెప్పేస్తానని మా రూమ్ పిల్లతో అన్నాను.

"నీకేవన్నా మతిపోయిందా?" అంది. "వార్డు సిస్టరు పోస్టు ఇంటిదాకా వచ్చాక వద్దంటావా? తిరుగు టికెట్టు చేతిలో పెట్టి పంపిస్తే మీ నాన్నకేం చెప్తావు? ఎవురైనా నీ కాళ్ళు పట్టుకుని అడిగారా?"

"అడిగితే ఇంత కష్టంగా ఉండేది కాదే" అన్నాను.

శనివారం పొద్దున్నే రిజిస్టర్ చంకన పెట్టుకుని మేట్రన్ గదికి వెళ్ళాను. ఇందులో నా పేరున ఉన్న కాన్పులు అన్నీ నావి కావన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఎన్ని నావి కావని అడిగింది. అక్కడే నాకు సిగ్గేసింది, నాకు తెలియదు. రెండేళ్ళు రాసి రాసి, ఏది నా చేతుల్లో పుట్టిందో ఏది ఆమె చేతుల్లో పుట్టిందో నాకే కలిసిపోయింది.

మేట్రన్ బీబీని పిలిపించింది. బీబీ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, సంగతి విని, నా వైపు ఒక్కసారి చూసింది. రిజిస్టర్ ముందుకి లాక్కుని గడి మీద వేలు పెట్టింది.

"ఇది నాది. మూడో కాన్పు, పేగు మెడకి రెండు చుట్లు. ఇది సిస్టర్‌ది. ఇది నాది, ఎదురుకాళ్ళు. ఇది సిస్టర్‌ది, నేను దీపం పట్టుకున్నాను."

ఏ తల్లినీ మరిచిపోలేదు. ఒక చోట నేను, "అది కూడా నీదే బీబీ, నేను ఊరికే నిలబడ్డాను" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "బిడ్డని పట్టింది మీరు. నేను చెప్పానంతే." ఆ లెక్కన ముప్పై ఒక్క కాన్పులు ఆమెవిగా తేలాయి. ఒక్కో గడిలో నా పేరు కొట్టేసి పక్కన ఆమె పేరు రాసి సంతకం పెట్టాను.

ఆయా చేత కాన్పులు చేయించినందుకు నాకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది, బీబీకి రూలు తప్పినందుకు ఇంకోటి. ఉద్యోగాలు పోలేదు, అప్పట్లో కాన్పులు చేసేవాళ్ళు అంత కరువు. వార్డు సిస్టర్ పోస్టు ఒక గోవా ఆవిడకి వెళ్ళింది. బీబీ పరీక్ష రాసి పాసైంది. మరో రెండేళ్ళకి ఆ గోవా ఆవిడ వెళ్ళిపోతే బీబీనే ఇన్‌ఛార్జిగా వేశారు. నేను ఆమె కింద పనిచేశాను. నాకు ఏడుపొచ్చిన రోజులు లేవంటే మళ్ళీ అబద్ధమాడినట్టే. "బంగారంలాంటి పోస్టు చేజేతులా పోగొట్టుకుందమ్మా" అని మా రూమ్ పిల్ల వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఆ చాప మీది ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఉద్యోగాల్లో కుదురుకున్నారు. బ్యాంకుకి వెళ్తే టైపు పిల్ల, బడి దగ్గర టీచరమ్మ పలకరించేవాళ్ళు. అప్పుడు ముసుగు చాటున నవ్విన తల్లులే, కడుపుతో ఉన్న కూతుళ్ళని వెంటబెట్టుకొచ్చి, బీబీ డ్యూటీలో ఉందా అని అడిగి మరీ లోపలికి వచ్చేవారు. పేటలో ఏ తగువొచ్చినా, ఏ పిల్లని బళ్ళో వేయాలన్నా ఆమె గుమ్మం ముందే చెప్పులు కనిపించేవి. ఆమె అరబిక్ మాత్రం చివరిదాకా తడబడుతూనే ఉంది.

దశాబ్దం చివర్లో నేను ఇంటికి తిరిగొచ్చేటప్పుడు నాకు సర్వీసు సర్టిఫికెట్టు ఇవ్వవలసింది ఇన్‌ఛార్జి సిస్టర్. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమే పిలిచి కుర్చీ చూపించింది. పెన్ను తీసి, వాళ్ళింట్లో చాప మీద అడిగినట్టే అడిగింది.

"ఎన్నేళ్ళు? ఎన్ని కాన్పులు? మీరే చేశారా, పక్కన నిలబడ్డారా?"

చెప్పాను. రిజిస్టరు చూసుకోకుండానే రాసుకుంది. అడుగున ఇంకేదో రాసి, ఆరనిచ్చి, కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. విమానంలో విప్పి చదివాను. నేను చేసిన కాన్పులు సరిగ్గా ఎన్నో అన్నీ ఉన్నాయి, నావో కావోనని నేను నా నోటితో తగ్గించి చెప్పిన రెండూ కలిపి. వాటి కింద ఒక్క వాక్యం ఉంది: ఈమె రాసినదాన్ని నమ్మవచ్చు.

నేను ఆ తర్వాత మా జిల్లా ఆసుపత్రిలో పాతికేళ్ళు పనిచేశాను. ట్రైనింగు పిల్లలు చేసిన ప్రతి కాన్పుకీ వాళ్ళ పేరే రాయించాను.